మడిచిన ఏరియల్

కువైట్ నుంచి ఆ పెట్టె వచ్చిన రోజున మాణిక్యాలరావు హాల్లో సగం వీధి కూర్చుంది. పెట్టె అంటే ఏదో పెద్దదనుకునేరు. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత. నల్లగా ఉంది. వెనక రంగురంగుల కన్నాలు, నెత్తిన లాగితే సాగే వెండిరంగు ఏరియల్. సబ్బులకీ పాలపొడి డబ్బాలకీ మధ్య, లుంగీలో చుట్టి పంపింది గంగాదేవి. మాణిక్యాలరావుకి ఆమె తమ్ముడి భార్య. ఎవరి కోసం పంపిందో ఆ మనిషి మాత్రం హాల్లో లేడు. పెరటి చివర రేకుల గదిలో మంచం మీద ఉన్నాడు.

అతను గంగాదేవి మొగుడు, సత్యదుర్గారావు. తొంభై ఆరు తుఫాను దాకా రాజోలు చుట్టుపక్కల కొబ్బరి దింపు తీసేవాళ్లలో అతని పేరే ముందు చెప్పేవారు. మోకుతాడు నడుముకి వేసుకుని కాళ్లకి పట్టు కోసం బందం తగిలించాడంటే, కింద ఉన్నవాడు బీడీ వెలిగించేలోపు చెట్టు తల మీద మొవ్వులో కూర్చునేవాడు. తుఫాను వెళ్లిపోయాక, విరిగి వేలాడుతున్న మట్టలు కొట్టడానికి పిలిచారు. చూడ్డానికి నిక్షేపంలా ఉన్న చెట్టు ఒకటి నడిమికి పగిలి ఉంది, అతను పైకెక్కాక విరిగింది. అంత గాలీ వానా చంపకుండా వదిలేసిన మనిషిని ఆ చెట్టు సగం చంపి వదిలింది. నడుము దిగువ ఏమీ తెలియదు. చీమ కుట్టినా తెలియదు, వేడినీళ్లు పోసినా తెలియదు.

మరుసటి ఏడు గంగాదేవి కువైట్ వెళ్లింది, ఒకళ్లింట్లో వంటపనికి. వెళ్లేముందు అతని చెయ్యి పట్టుకుని, "మూడేళ్లండీ. నాలుగో ఏడు అంతర్వేది తీర్థానికి మీ పక్కనుంటాను. వచ్చే రోజున ఆ ఆకుపచ్చ చీర కట్టుకుని దిగుతాను, చూడండి" అంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ బండారులంక వెళ్లి, మగ్గం దగ్గర నిలబడి మరీ కొనుక్కున్న చీర అది. ముదురాకుపచ్చ. దాన్ని తన బట్టల పెట్టె అడుగున పెట్టుకుని పట్టుకెళ్లింది.

ఆ మాట మీదే దుర్గారావు బతుకుతున్నాడు. కాకినాడ డాక్టరుగారు, నరాలు మెల్లిగా కోలుకుంటాయి, చేతులకి పని చెప్పమన్నారని వదిన అమ్మాజీ చెప్పింది. అందుకని తన పాత మోకునే దూలానికి కట్టించుకుని, పొద్దున్న వంద, సాయంత్రం వంద, దాన్ని పట్టుకుని ఒంటిని పైకి లాక్కునేవాడు. గంగ వచ్చేనాటికి గుమ్మం దాకానైనా నడిచి ఎదురెళ్లాలని పంతం. ఆ పంతం చూసి ఊళ్లో వాళ్లు ముక్కు మీద వేలేసుకునేవారు. అమ్మాజీ మాత్రం ఆ సమయానికి ఏదో ఒక పని పెట్టుకుని బయటికి వెళ్లిపోయేది.

గంగాదేవికి రాయడం రాదు. అందుకని వీడియో కేసెట్లు పంపేది. కువైట్లో వాళ్ల మేడ కిందే ఉండే కడప వైపు డ్రైవరు ఒకాయన దగ్గర కెమెరా ఉందిట. శుక్రవారం సెలవు కనక ఆయన తీసిపెట్టేవాడు. బొమ్మ మూలన అప్పుడప్పుడూ ఆయన వేలు అడ్డం వచ్చేది. "ఎవరోగానీ పుణ్యాత్ముడు" అనేవాడు దుర్గారావు.

మొదటి కేసెట్ వచ్చినప్పుడు నలుగురు మంచంతో సహా మోసుకెళ్లి అతన్ని హాల్లో దింపారు. రంగుల టీవీ, వీసీఆర్ రెండూ అన్నగారివి, అవి ఆ హాల్లోనే ఉంటాయి. గంగ టీవీలో కనబడగానే జనం గొల్లుమన్నారు. "అమ్మో, ఒళ్లు చేసిందే!" అని ఒకరు, "తెల్లబడింది" అని ఒకరు. ఇన్ని కళ్ల మధ్య పెళ్లాన్ని చూసుకుని ఏడవడానికి కూడా లేకపోయింది దుర్గారావుకి. పైగా ఆ కుదుపులకి నడుము దగ్గర పడకపుండు మళ్లీ పగిలింది. ఇంక హాలుకి రానని మొండికేశాడు. ఆ సంగతి ఎవరి ద్వారానో ఆమెకి చేరింది. అలా వచ్చింది ఆ పెట్టె.

తాటిపాక సెంటర్లో టీవీలు బాగుచేసే బుల్లబ్బాయి వచ్చి బిగించాడు. రేకుల గదిలో మంచం మీంచి వెదురుకర్రకి అందే దూరంలో పాత నలుపు తెలుపు టీవీ ఒకటి పెట్టాడు. బుల్లబ్బాయి చెయ్యి ఆగినా నోరు ఆగదు.

"ఇందులో మాయేం లేదండీ దుర్గారావుగారూ. వీసీఆర్‌లోంచి బొమ్మకో తీగ, మాటకో తీగ తీసి ఆ పెట్టెలో గుచ్చేనండి. అది ఆ రెంటినీ కలిపి గాల్లోకి వదులుద్ది. మీ టీవీ నెత్తిమీద కడ్డీ ఉంది చూసేరా, అది పట్టుకుంటాది. దూరదర్శనోళ్లు చేసేదీ ఇదేనండి. ఆళ్లది పెద్ద స్టేషను, మీ అన్నగారి హాలు చిన్న స్టేషను."

"మధ్యలో గోడలున్నాయి కదండీ?"

"గోడలోంచి వచ్చేస్తాదండి. కాస్త నీరసపడి వస్తాది, అంతే. ఇనప బీరువా మాత్రం అడ్డం పెట్టకండి, దానికి పడదు."

ఖాళీ చానల్లో మీట తిప్పుతుంటే తెర నిండా చుక్కలు, ముసురుకున్న ఈగల్లా. ఇంకాస్త తిప్పాడు. ఈగలు చెదిరిపోయి, మధ్యలోంచి గంగాదేవి నవ్వుతూ బయటపడింది. దుర్గారావు దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. బుల్లబ్బాయి తెలివైనవాడు, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

వెళ్తూ వెళ్తూ హాల్లో అమ్మాజీకి ఒక మాట చెప్పాడు. "బొమ్మ పంపేటప్పుడు ఏరియల్ పైకి లాగండమ్మగారూ. పనైపోయేక మడిచెయ్యండి." ఎవరి చెయ్యో తగిలి ఏరియల్ విరుగుతుందని అతని భయం. అమ్మాజీ అదే స్విచ్చి అనుకుంది. లాగితే వెళ్తుంది, మడిస్తే ఆగుతుంది. పని కాగానే దీపం కొండెక్కించినంత భక్తిగా మడిచి, పైన తను అల్లిన లేసు గుడ్డ కప్పేది. అసలు ప్లగ్గు షోకేసు వెనకాల ఉండిపోయింది. దాని జోలికి ఆ ఇంట్లో ఎవరూ వెళ్లలేదు.

కేసెట్ వేసిన ప్రతిసారీ అయ్యాక అమ్మాజీ పెరడు దాటి వచ్చి, "కనపడిందా దుర్గారావూ, బాగా?" అని అడిగేది. "ఆయ్, బాగా కనపడిందండీ" అని, సిగ్గుపడుతూ, "చీర ఏం రంగండీ వదినా?" అనేవాడు. అతని టీవీకి రంగులు లేవు కదా. అమ్మాజీ చెప్పేది, నీలం, గోరింటాకు రంగు, లేత గులాబి. ఆకుపచ్చ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోతే అతనికి అదో సంతోషం. వచ్చే రోజు కోసం దాచుకుంది మరి.

మడిచినా బొమ్మ ఆగదని దుర్గారావుకి పదిరోజుల్లోనే తెలిసిపోయింది. ఓ మధ్యాహ్నం ఊరికే వెదురుకర్రతో టీవీ మీట నొక్కితే, ఈగల మధ్యలోంచి ఎవరో హీరో గుర్రం మీద వెళ్తున్నాడు. అన్నయ్య అద్దెకి తెచ్చిన సినిమా. ఏరియల్ నిలబెట్టినంత స్పష్టంగా లేదు గానీ, ఉన్న ముప్ఫై అడుగుల దూరానికి మడిచిన కడ్డీ చాలు. చెప్పాలంటే చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే వాళ్లు, అయ్యో వీడు చూస్తున్నాడని మొహమాటపడతారు, హాల్లో హాయిగా నవ్వుకోలేరు. అంతకంటే నిజం ఏమిటంటే, మంచాన పడ్డవాడికి అదో చిన్న దొంగతనం, దాని రుచి దానిది. టీవీ గొంతు బాగా తగ్గించుకుని, తలుపు వైపు ఓ చెవి వేసి, వాళ్లతో పాటే అన్ని సినిమాలూ చూశాడు. గోడలకి చెవులుంటాయన్నారు పెద్దలు. కళ్లు కూడా ఉంటాయని ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.

నాలుగో ఏడు తీర్థం వచ్చింది. రెండువేల ఒకటి. వారం ముందునుంచీ దుర్గారావు రోజుకి మూడొందలసార్లు మోకు లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. రథం లాగిన రోజున అంతర్వేది వెళ్లే బస్సులన్నీ వాళ్ల వీధి చివరే ఆగాయి. ఒక్కో బస్సు ఆగినప్పుడల్లా అతను తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. సాయంత్రానికి మెడ పట్టేసింది.

ఆమె రాలేదు. తీర్థం అయిన ఐదో రోజున మలికిపురం వైపు నుంచి సత్యనారాయణమ్మ అనే ఆవిడ వచ్చింది. కువైట్‌లో గంగాదేవి ఉండే వీధిలోనే పని చేసి తిరిగొచ్చిందిట. అట్టపెట్టె ఒకటి ఇచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది. కాసేపటికి అమ్మాజీ గదిలోకి వచ్చింది. అట్టపెట్టెలోంచి తీసిన సబ్బు ఒకటి అతని తలగడ దగ్గర పెట్టింది.

"కేసెట్ రాలేదాండీ?"

"లేదు దుర్గారావూ. సబ్బులూ, తలనూనే."

ఆమె వెళ్లాక హాలు తలుపులు మూసిన చప్పుడైంది. పట్టపగలు ఆ ఇంటి తలుపులు మూయడం అతనెప్పుడూ వినలేదు. కాసేపు పైరేకుల వైపు చూస్తూ పడుకున్నాడు. తర్వాత వెదురుకర్ర అందుకుని టీవీ మీట నొక్కాడు.

చుక్కలు. వాటి వెనకాల గోడ, గోడకి కేలెండరు, ముందు కుర్చీలో గంగాదేవి. మొహం సరిగా తెలియడం లేదు. గొంతు మాత్రం తెలుస్తోంది, బుసబుసల మధ్యలోంచి.

"అక్కా, బావగారూ. ఇది మీ ఇద్దరికే. ఆయనకి చూపించకండి. నేనింక రానక్కా." అని ఆగింది. ముక్కు చీదుకుంది. "నన్ను తిట్టండి, పడతాను. ఈ కెమెరా పట్టుకున్నాయనతో వెళ్లిపోతున్నాను. వేరే దేశం వెళ్తున్నాం. నాలుగేళ్లు నాకు జొరమొచ్చినా నొప్పొచ్చినా చూసిన మనిషి ఈయనొక్కడేనక్కా. తప్పే. తప్పని తెలిసే చేస్తున్నాను."

బొమ్మ ఒకసారి వణికింది. మూలన వేలు కనబడి వెనక్కి పోయింది.

"ఆయన లేవరని కాకినాడ డాక్టరుగారు ఆ రోజే చెప్పేసేరు కదక్కా. నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. ఆయనకి చెప్పలేక మనం కథ అల్లేం. ఆ కథలో ఇరుక్కుపోయేను. ఒక్కసారిగా మానేస్తే ఆయన తట్టుకోలేరు. అందుకని ఇవాళే కూర్చుని నాలుగు కేసెట్లు నింపి పంపుతున్నాను. ఒకటి ఉగాదికి, ఒకటి చవితికి, ఒకటి దీపావళికి, ఆఖర్న ఒకటి తీర్థానికి. ఎప్పటికప్పుడు వచ్చినట్టు చెప్పి చూపించండి. అవి అయిపోయేక... చచ్చిపోయిందని చెప్పెయ్యండి. అదే నయం."

తర్వాత చుక్కలు తప్ప ఏమీ లేవు.

కర్ర చేతిలో అలాగే ఉంది. టీవీని పగలగొట్టేయాలనిపించింది. గంగా, అని ఊరంతా వినబడేలా అరవాలనిపించింది. ఆమెని నరికేయాలనిపించింది, ఆ వేలు విరిచేయాలనిపించింది, పుణ్యాత్ముడన్న తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది. అరిస్తే ఎలా తెలిసిందని అడుగుతారు. తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ రోజు దుర్గారావు అదే. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పళ్లతో కరిచాడు. కాళ్లకేసి చూశాడు. నాలుగేళ్లుగా ఆ కాళ్లకి రోజూ, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండని చెబుతున్నాడు. అవి మొదటిరోజే చచ్చిపోయాయని తనకొక్కడికే చెప్పలేదన్నమాట. కర్రతో మీట నొక్కి టీవీ కట్టేశాడు.

అమ్మాజీ అన్నం, కొరమీను పులుసు తెచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఉల్లిపాయలు తరిగేను" అంది, అడక్కుండానే.

"ఆయ్" అన్నాడు. అన్నం తిన్నాడు. తినకపోతే ఎందుకని అడుగుతుంది.

మర్నాటి నుంచి మోకు ముట్టుకోలేదు. అన్నయ్య అడిగితే చేతులు నొప్పిగా ఉన్నాయండీ అన్నాడు. మాణిక్యాలరావు రెండు రోజులు చూసి, దాన్ని దూలం మీదికి చుట్టబెట్టి వెళ్లిపోయాడు.

నిజం చెప్పేద్దామని పదిసార్లు అనుకున్నాడు దుర్గారావు. చెబితే ఏమవుతుంది? వదిన కూలబడి ఏడుస్తుంది. అన్నయ్య ఆ నాలుగు కేసెట్లూ ఏటిలో పారేస్తాడు, కోపం అలాంటిది. ఈ లోకంలో గంగ అతనికి మిగిల్చింది ఆ నాలుగే. అబద్ధాలే అనుకో, అందులో ఉన్న మొహం అబద్ధం కాదు కదా. ఆశ చచ్చాక కూడా మనిషికి ఆకలి చావదు.

ఉగాదికి అమ్మాజీ మొహాన నవ్వు పులుముకుని వచ్చింది. "గంగ కేసెట్ పంపింది దుర్గారావూ!" వెళ్లి ఏరియల్ నిలువుగా లాగింది. బొమ్మ అద్దంలా వచ్చింది. అదే గోడ, అదే కేలెండరు, అదే కుర్చీ. పక్కన బల్ల మీద టీ గ్లాసు, నిండుగా, ఆవిరి కక్కుతోంది. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడుతోంది. "పచ్చడి తిన్నారా? వీసా దగ్గర చిన్న చిక్కొచ్చిందండీ, అందుకే తీర్థానికి రాలేకపోయేను" అంది. ఎంత బాగా చెప్పిందో. తెలియకపోతే తనూ నమ్మేవాడు.

"ఏం రంగండీ వదినా?"

"పసుపు."

చవితి కేసెట్‌లో ఎండ కిటికీ దాటిపోయి ఉంది. టీ గ్లాసు సగానికి వచ్చింది, పైన మీగడ కట్టింది. కేలెండరు మీద అదే నెల. "ఉండ్రాళ్లు గుర్తొస్తున్నాయండీ" అంటుంటే గొంతు కాస్త బొంగురుపోయింది. పాపం, పొద్దుటినుంచీ మాట్లాడుతోంది మరి. ఊళ్లో వాళ్లకి ఆర్నెల్లు గడిచాయి. కువైట్లో ఆ గదిలో మాత్రం ఇంకా ఆ శుక్రవారమే నడుస్తోంది.

దీపావళి కేసెట్‌లో ఆమె స్వెట్టరు వేసుకుంది. "ఇక్కడ చలి మొదలైందండీ" అని చేతులు ముడుచుకుని వణికింది. పొద్దు వాలిందేమో పెద్ద లైటు పెట్టారు, దాని వేడికి నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దాన్ని ఆపడం మర్చిపోయారు. పై పెదవి మీద చెమట పట్టింది, తుడుచుకుంది, మళ్లీ పట్టింది. దుర్గారావుకి నవ్వొచ్చింది. పిచ్చిదానా, ఇంత కష్టపడ్డావా నా కోసం, అనుకున్నాడు. నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో అతనికే తెలియలేదు. తీర్థం నాటినుంచి కడుపులో పెట్టుకున్న కోపం ఆ చెమట దగ్గర కరిగిపోయింది. కోపమైనా ఉన్నంతకాలం పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

మళ్లీ తీర్థం వచ్చింది. బస్సులు వీధి చివర ఆగుతున్నాయి. అతను తల ఎత్తలేదు. మధ్యాహ్నం అమ్మాజీ వచ్చేసరికి అతని టీవీ ఖాళీగా వెలుగుతోంది. ఈసారి ఆమె మొహాన నవ్వు సరిగా అతకలేదు.

"కేసెట్ వచ్చింది దుర్గారావూ. ఏరియల్ లాగి వచ్చేను. నువ్వు ఊ అంటే మీ అన్నయ్య వేస్తారు."

"వద్దండీ వదినా."

"అదేంటి?"

"చివరిది కదండీ. అదొక్కటి ఉండనివ్వండి."

అమ్మాజీ గుమ్మంలోనే ఆగిపోయింది. చివరిదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక్కో మాటా వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు నిలబడి, గుమ్మం మీదే కూలబడింది.

"ఎప్పుడు చూసేవు?" అంది.

"మీరు చూసినప్పుడేనండి. తలుపులేసుకుని చూసేరు కదా. ఏరియల్ మడిచినా వచ్చేస్తాదండీ అది. కాస్త చుక్కలు పడతాయి, అంతే."

"ఏడాదైంది" అంది. "ఏడాది నువ్వు... నా చేత ఈ నాటకమంతా..." పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అతనికి ఆమె మీద ఎంత జాలేసిందో చెప్పలేం. రోజూ తన పుండు కడిగే మనిషి.

"ఏడవకండి. మీరేం తప్పు చేసేరు? నేనే అడక్కూడనిది ఒకటి అడగాలండి. అప్పుడు అడగడానికి లేకపోయింది."

"ఏంటి?"

"ఆ రోజు, మీ ఇద్దరితో మాట్లాడిన రోజు. చుక్కల్లో నాకు అంచు కూడా తెలియలేదు. ఏం రంగు చీరండీ?"

అమ్మాజీ తల ఎత్తలేదు. నేలమీద గోటితో గీస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పాలనుకుందేమో, నీలమో గులాబీయో. ఏడాదిగా చెప్పీ చెప్పీ ఆమెకి అబద్ధాలు అయిపోయాయి.

"ఆకుపచ్చ. ముదురాకుపచ్చ" అంది. "బండారులంకది."

దుర్గారావు "ఆయ్" అన్నాడు. టీవీ ఇంకా ఖాళీగా వెలుగుతూనే ఉంది, కట్టెయ్యమన్నాడు.